మూడో నీళ్లు

అనగా అనగా, మనుషుల కంటే గొర్రెలే ఎక్కువగా ఉన్న రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు గుట్టసీమ. ఎటు చూసినా రాళ్లగుట్టలు, గుట్టల నిండా మందలు, మందల వెనక గొంగళ్లు కప్పుకున్న కాపరులు. దూరం నుంచి చూసేవాళ్లకు గొర్రె ఏదో కాపరి ఎవరో తెలిసేది కాదు.

ఆ సీమను ఏలే రాజు సుకుమారవర్మ. పేరు పెట్టిన పురోహితుడికి ముందుచూపు ఉందో, ఆ పేరే మనిషిని అలా తయారుచేసిందో నాకు తెలియదు గానీ, ఆయన పూలపాన్పు మీద పడుకున్నా తొడిమ గుచ్చుకుందని లేచి కూర్చునే రకం. చెడ్డవాడు మాత్రం కాదు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను, ఎందుకంటే కథ వింటూ మీరు ఆయన్ని తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను.

గొంగడి అంటే ఏమిటో పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. గొర్రె ఉన్ని కత్తిరించి, ఏకి, దారం వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి ఎండబెడితే గొంగడి అవుతుంది. నల్లగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది, గొర్రె వాసన దాన్ని ఎప్పటికీ వదలదు. కానీ ఎంత వాన కురిసినా చుక్క లోపలికి దిగదు. తలమీదుగా మడిచి కప్పుకుంటే గుట్ట మీద కాపరికి అదే ఇల్లు, అదే పరుపు.

ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. ఏటా తొలకరి నాడు కాపరులు కొత్త గొంగడి తెచ్చి రాజుకు తలమీదుగా కప్పుతారు. దాన్ని నేసిన మనిషి చెంబెడు నీళ్లు తెచ్చి రాజు నెత్తిన పోస్తుంది. నీళ్లన్నీ జారి నేలపాలవుతాయి. లోపల రాజు పొడిపొడిగా ఉంటాడు. "రాజు తడవలేదు, మేమూ తడవం!" అని జనమంతా కేక వేస్తారు. ఆ కేక విన్నాకే మందలు వానాకాలపు మేతకు గుట్ట ఎక్కుతాయి.

రాజు గొంగడి నేసే పని చాలా ఏళ్లుగా ఐలవ్వది. ఆమె వేళ్లు దారం వడికి వడికి గట్టిపడి కట్టెల్లా అయ్యాయి. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు ఓదెలు ఉన్నాడు, ఆరు వందల గొర్రెల మంద ఉంది. వానాకాలమంతా అతను గుట్ట మీదే. కింద ఆమె మబ్బును చూసి భయపడేది కాదు. "నా గొంగడి ఉన్నదిగా ఆయన మీద" అనుకుని పనిలో పడేది.

ఒక ఏడు తొలకరికి పక్క దేశపు రాయబారి వచ్చాడు. మంచుకొండల మేక ఉన్నితో నేసిన శాలువా ఒకటి కానుకగా తెచ్చాడు. అది చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంది. రాజు దాన్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. అంతలో రాయబారి రాజు భుజం మీది గొంగడిని ముట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మహారాజా, ఇది కప్పుకోవడానికా, గిన్నెలు తోముకోవడానికా?" అన్నాడు.

సభ గొల్లున నవ్వింది. రాజు కూడా నవ్వాడు, నవ్వక తప్పదు కనుక. కానీ ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. ఇన్నేళ్లూ తాను ప్రజల ముందు గిన్నెలు తోముకునే బట్ట కప్పుకుని నిలబడ్డానా అని కుమిలిపోయాడు. ఇక చాటింపు వేయించాడు.

"గుట్టసీమలో ఉన్ని మెత్తగా ఉండాలి. ఇది రాజాజ్ఞ."

మంత్రులకు గొర్రె అంటే కూరలో తప్ప తెలియదు. వాళ్లు తలలు గోక్కుని, ఎవరినో అడిగి, "మహారాజా, పసి గొర్రెపిల్లల ఉన్ని అన్నిటికంటే మెత్తన" అని తేల్చారు. ఆ మాట నిజమే. గొర్రెపిల్ల తొలికోత ఉన్ని అంత మెత్తగా మళ్లీ ఏ కోతా ఉండదు. అయితే ఆ తొలికోత ఎప్పుడు కోయాలో ఎవరూ అడగలేదు. పిల్లకు ఆరు నెలలు నిండాలి, ఎండ ముదరాలి. రాజుగారికి తొందర. చలికాలం నడుమ, రెండు నెలలు నిండని పిల్లల ఒంటిమీద కత్తెర పెట్టమన్నారు.

ఐలవ్వ కోటకు వెళ్లింది. కాళ్లకు దండం పెట్టి, "దొరా, పిల్లల ఉన్ని మెత్తగ ఉండేది మన కోసం గాదు, వాటి కోసం. గిప్పుడు కోస్తే చలికి ఆగయి. నాలుగు నెలలు ఓపిక వట్టు" అంది.

"కొన్ని చలికి పోతే అది చలి తప్పు. ప్రతి ఏడూ పోతూనే ఉంటాయి కదా" అన్నాడు రాజు.

కత్తెరలు ఆడాయి. బోసి ఒళ్లతో పిల్లలు తల్లుల పొట్టల కిందికి దూరాయి. తల్లులు ఎన్నింటిని కప్పగలవు? ఆ వారంలో ఓదెలు మందలోనే నలభై పిల్లలు బిగుసుకుపోయాయి. ఓదెలు ఒక్కో దాన్ని చంకలో పెట్టుకుని ఊపిరి ఊదాడు. ఒక్కటీ లేవలేదు. పొదుగులు పాలతో గడ్డకట్టి తల్లులు మూడు దినాలు అరిచాయి. ఆ అరుపు వినలేక ఐలవ్వ చెవుల్లో ఉన్ని కుక్కుకుంది.

నేసిన గొంగడి కోటకు చేరింది. రాజు చెంపకు ఆనించుకున్నాడు. "మెత్తబడింది. కానీ ఇంకా గుచ్చుకుంటోంది" అన్నాడు.

ఇక్కడ మీకు ఒక పెద్దమనిషిని పరిచయం చేయాలి. రాజుగారి చెంపకు ఎన్నని గుచ్చుకుంటాయి పాపం, అందుకని ఒక కొత్త ఉద్యోగం పుట్టింది. బుగ్గల అధికారి. పేరు నవనీతుడు. ఆయన పని, రాజ్యంలో నేసిన ప్రతి గొంగడినీ తన బుగ్గకు రుద్దుకోవడం. బుగ్గ ఎర్రబడితే గొంగడి మంటల్లోకి. ఆ బుగ్గలు మొద్దుబారకుండా రోజూ మీగడ పట్టించడానికి ఇద్దరు మనుషులు. నవ్వకండి, చాలా రాజ్యాలలో ఇంతకంటే పనికిరాని ఉద్యోగాలు ఉన్నాయి.

నవనీతుడు ఎండాకాలం మొదట్లో ఒక విషయం కనిపెట్టాడు. గొర్రె ఉన్నిలో రెండు రకాల వెంట్రుకలు కలిసి ఉంటాయి. లోపలివి సన్నవి, పొట్టివి. పైవి లావు, పొడుగు, ముతక. గుచ్చుకునేవి పైవే. "వాటిని ఏరి పారేస్తే సరి!" అన్నాడు. రాజు అతని బుగ్గ తట్టి మెచ్చుకున్నాడు.

ఐలవ్వ రెండోసారి కోటకు వెళ్లింది. ఈసారి చేతిలో గుప్పెడు ఉన్ని పట్టుకుపోయింది.

"దొరా, ఇగో చూడు. సన్నది వెచ్చన చేస్తది, లావుది గట్టిగ వట్టుకుంటది. లావుది తీసేస్తే దారానికి ఎముక లేనట్టే. కాపరి బతుకంత ముండ్ల కంపలు, రాళ్ల నడుమ. గీ మెత్తటిది అక్కడ రెండు దినాలు గూడ ఆగదు."

రాజు ముఖం చిట్లించాడు. "నీ గొంగడి ఒక్కటే కాదు, నీ మాట కూడా గుచ్చుకుంటుంది ఐలవ్వా. చెప్పదలుచుకుంటే మెత్తగా చెప్పడం నేర్చుకుని రా."

"నిజం మెత్తగ ఎట్ల చెప్పాలె దొరా? నాకు రాదు" అంది ఆమె. భటులు ఆమెను గుమ్మం దాటించారు.

ఇంటింటా ఆడవాళ్లు కూర్చుని ముతక వెంట్రుకలు ఏరిపారేశారు. కొత్త గొంగళ్లు వచ్చాయి. పాతవి నవనీతుడి బుగ్గను ఎర్రచేసి మంటల్లోకి పోయాయి. కొత్త గొంగళ్లు కంపకు తగిలిన చోటల్లా పీలికలై వేలాడాయి. అంతవరకైతే ఎవరూ ఏడ్చేవారు కాదు.

ఒక పొద్దుటిపూట, పెద్దకాపరి సాయిలు తప్పిపోయిన మేకను వెతుకుతూ లోయ అంచున జారాడు. నడుమ ఒక చెట్టు మొదలు దొరికితే పట్టుకుని వేలాడాడు. ఇలాంటప్పుడు గుట్టసీమ కాపరులు ఏం చేయాలో పుట్టుకతో ఎరుగుదురు. గొంగడి కిందికి వదిలితే కొస పట్టుకుని మనిషి పైకి వస్తాడు. ముత్తాతల నాటి నుంచి అలా ఎంతమందో పైకి వచ్చారు. ఓదెలు గొంగడి వదిలాడు. సాయిలు పట్టుకున్నాడు. నలుగురు కలిసి లాగారు. సగం దూరం వచ్చాక గొంగడి నానిన రొట్టెలా రెండుగా విడిపోయింది.

సాయిలు బతికాడు. రెండు కాళ్లూ పోయాయి. ఆ తర్వాత ఆయన తన మంద ఎటు పోతోందో ఇంటి అరుగు మీద కూర్చుని చూసేవాడు, అంతే. ఓదెలు మాత్రం తెగిన ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు గుట్ట మీదే కూర్చున్నాడు. ఇంటికి వచ్చి ఐలవ్వతో ఒక్క మాట అన్నాడు.

"నా చేతుల నుంచే జారిండు ఐలా."

ఆ మాట రాజు దాకా పోలేదు. దారిలో ఉన్నవాళ్లు దాన్ని మెత్తగా చేసి, "ఒక ముసలాయన కాలు జారాడట" అని చెప్పారు.

వానాకాలం దగ్గర పడింది. నవనీతుడు చివరి గొంగడిని బుగ్గకు రుద్దుకుని, "మెత్తగానే ఉంది ప్రభూ, కానీ వేళ్లకు ఏదో జిడ్డు అంటుతోంది. వాసన కూడా" అన్నాడు. గొర్రె ఒంటి నుంచి ఊరే జిడ్డు అది. ప్రతి వెంట్రుకకూ పట్టి ఉంటుంది. వెంటనే మూడో ఆజ్ఞ పుట్టింది. చవుడు మట్టి, కుంకుడు రసం కలిపిన వేడినీళ్లలో ఉన్నినీ, నేసిన గొంగళ్లనూ రెండు నీళ్లు ఉతకాలి. జిడ్డు వదలాలి. వాసన పోవాలి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. నాకు చెప్పడానికి కష్టంగా ఉన్న భాగం ఇదే.

ఐలవ్వ కాగు ఎక్కించింది. మొదటి నీళ్లలో ఉన్ని వేసి తొక్కింది. నీళ్లు నల్లబడ్డాయి. పైన పసుపుపచ్చని జిడ్డు తేలింది. రెండో నీళ్లు పోసింది. జిడ్డు ఇంకా వదిలింది. ఉన్నిని ఎండలో ఆరబెట్టి చేతిలోకి తీసుకుంది. అలాగే నిలబడిపోయింది.

ఆ కట్టెల్లాంటి వేళ్లకు అంత మెత్తనిది ఎన్నడూ తగల్లేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నిలోనే బతికింది గానీ, దానిలో ఇంత మెత్తదనం దాక్కుని ఉందని ఆమెకు తెలియదు. చెంపకు ఆనించుకుంది. మెడకు ఆనించుకుంది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

దొడ్లో ముసలి గొర్రె ఒకటి ఉంది, పేరు కర్రెమ్మ. మందకు అది పెద్ద. ఆ కాలంలో గొర్రెలు మాట్లాడేవి. మనుషులు వినడం మానేశాక అవి కూడా మానేశాయని మా పెద్దలు చెప్పారు.

"బిడ్డా, గా కాగుల తేలుతున్నది ఏందో ఎరుకేనా?" అంది కర్రెమ్మ.

"ఎరుకే" అంది ఐలవ్వ.

"వాన మా మీద పడి జారిపోయేది దానితోనే. మెత్తది చలికి, గరుకుది కంపకు, జిడ్డు వానకు. గీ మూడు ఉంటెనే ఉన్ని. మూడోది గూడ తీసేస్తున్నవు."

"రాజాజ్ఞ కదా."

"రెండుమార్లు రాజు దగ్గరికి పోయినవు. గిప్పుడెందుకు పోతలేవు?"

ఐలవ్వ కాగు కింద మంట ఎగదోసింది. జవాబు ఆమె దగ్గర ఉంది. ఓదెలు మెడ వెనక, గొంగడి రాసుకుని రాసుకుని, ముప్పై ఏళ్లుగా మానని పుండు ఒకటి ఉంది. ప్రతి వానాకాలం అది రేగి చీము పట్టేది. అతను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఈ ఒక్క ఏడన్నా ఆ మెడకు మెత్తనిది తగలాలి అని ఆమెకు ఆశ పుట్టింది. సాయిలు చేతుల్లోంచి జారిపోయినప్పటి నుంచి అతను అన్నం సరిగా తినడం లేదు, నవ్వడం లేదు. ఏదో ఒక హాయి ఇవ్వాలి కదా? పైగా ఈ ఏడు వానలు అంతంత మాత్రమేనని ఆస్థాన జ్యోతిష్కుడు పంచాంగం చదివాడు. మనకు కావలసిన మాట ఎవరు చెప్పినా నమ్మాలనే అనిపిస్తుంది.

రాజాజ్ఞ రెండు నీళ్లే. ఓదెలు గొంగడికి పక్కన పెట్టుకున్న ఉన్నిని ఐలవ్వ మూడో నీళ్లలో కూడా ఉతికింది. ఎవరూ చెప్పలేదు. తనంతట తాను ఉతికింది.

తొలకరి వచ్చింది. రాజుకు కొత్త గొంగడి కప్పారు. జనమంతా చుట్టూ నిలబడ్డారు. ఐలవ్వ చెంబు పట్టుకుని ముందుకు వచ్చింది. అప్పుడు రాజు చెయ్యి ఎత్తి ఆపాడు.

"వద్దు. ఇంత అందమైన వస్త్రం మీద నీళ్లు పోస్తే పాడైపోతుంది. ఈ ఏడాదికి ఆ తంతు అక్కర్లేదు."

ఆ క్షణంలో ఐలవ్వ పోసి ఉండవలసింది. శిక్ష వేస్తే వేసేవాడు. నీళ్లు రాజు వీపు మీదకు దిగేవి, ఆయన ఎగిరి గంతేసేవాడు, ఆ సీమంతా బతికిపోయేది. ఐలవ్వ చెంబు కింద పెట్టేసింది. పైగా హమ్మయ్య అనుకుంది. జనానికి కేక వేయడానికి ఏమీ లేకపోయింది. ఊరికే నిలబడి, ఊరికే చెదిరిపోయి, మందలను గుట్ట ఎక్కించారు.

బయలుదేరే ముందు ఓదెలు కొత్త గొంగడి కప్పుకున్నాడు. మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎన్నో నెలల తర్వాత అతని ముఖం విచ్చుకుంది.

"ఇదేందే ఐలా, పసిపిల్ల పొట్ట లెక్క ఉన్నది! దీన్ని కప్పుకోని గొర్రెలను ఎట్ల కాయాలె? నిద్రవోత నేను."

"పో, నిద్రవోతే పో" అంది ఆమె నవ్వుతూ.

కర్రెమ్మ మంద ముందు నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

నాలుగో నాటి పొద్దున ముసురు పట్టింది. పంచాంగంలో లేని ముసురు. మొదటి పూట సన్నగా జల్లు, మధ్యాహ్నానికి ధార. గుట్ట మీద కాపరులు గొంగళ్లు తలమీదుగా కప్పుకుని కూర్చున్నారు. వాన జారిపోలేదు. గొంగడి తాగింది. దాహంగా ఉన్న ఎద్దులా తాగింది. సాయంత్రానికి ఒక్కో గొంగడి మోయలేనంత బరువెక్కింది. పైన వాన కొడుతుంటే లోపల చల్లటి నీళ్లు వీపుల మీద పారాయి. నిప్పు రాజేద్దామంటే పొడి పుల్ల లేదు. దిగిపోదామంటే వాగులు పొంగి దారులు మూసుకున్నాయి.

ముసురు పట్టిన రెండో నాడు కొందరు గొంగళ్లు విసిరికొట్టి గొర్రెల నడుమ దూరారు. ఓదెలును కూడా తీసి పారేయమన్నారు. చలికి పళ్లు టకటకలాడుతున్నా అతను తల అడ్డంగా ఊపాడు.

"నా ఐల నేసింది. పారేస్తే మనసు కష్టపెట్టుకుంటది."

గొర్రెల ఒంటి మీద ఉన్నదాన్ని ఎవరూ ఉతకలేదు. అవి వానలో నిలబడే ఉన్నాయి, చర్మం దాకా ఒక్క చుక్క పోలేదు. కర్రెమ్మ మందను పిలిచింది. అవన్నీ వచ్చి ఓదెలు చుట్టూ ఒత్తుకుని పడుకున్నాయి. తమ వెచ్చదనమంతా ఇచ్చి చూశాయి. కానీ అతనికీ వాటికీ నడుమ ఆ తడి గొంగడి ఉంది.

మూడో నాటి మిట్టమధ్యాహ్నం వాన వెలిసింది. గుట్ట దిగి వచ్చినవాళ్లు ఏడుగురిని మోసుకొచ్చారు. ఏడుగురిలో ఓదెలు ఒకడు. ఐలవ్వ అతని మీది గొంగడి తీయబోయింది. ఒక్కదానివల్ల కాలేదు. ఇంకో ఇద్దరు పట్టుకుంటే కదిలింది. మెడ వెనక చూసింది. ఆ ఆరు రోజుల్లో పుండు మానడం మొదలుపెట్టింది. కొత్త చర్మం లేతగా కనిపిస్తోంది. అది చూసి ఐలవ్వ నేలమీద పడి ఏడ్చిన ఏడుపు నేను మాటల్లో పెట్టలేను, పెట్టను కూడా.

కబురు ఈసారి మెత్తబడకుండానే కోటకు చేరింది. ఏడు పాడెలను ఎవరు మాత్రం మెత్తగా చెప్పగలరు? రాజు గుర్రం కూడా ఎక్కకుండా బురదలో నడిచి వచ్చాడు. ఆడవాళ్లెవరూ ఆయనను తిట్టలేదు, దారి ఇచ్చారు. ఏడు గొంగళ్లు వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి. రాజు వంగి ఒకదాన్ని ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. కొస మాత్రం చేతికి వచ్చింది. అలవాటు కొద్దీ దాన్ని చెంపకు ఆనించుకున్నాడు.

అంత బురదలో నానాక కూడా, మనిషిని చంపాక కూడా, అది మెత్తగానే ఉంది. రాజు దాన్ని వదిలేసి చెంప తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

ఆ పూటే మూడు ఆజ్ఞలూ రద్దయ్యాయి. బుగ్గల అధికారిని పంపేశారు. కానీ ఆజ్ఞను వెనక్కి తీసుకున్నంత తేలికగా జిడ్డు వెనక్కి రాదు. నువ్వుల నూనె పూయించి చూశారు, ఆముదం పూయించి చూశారు. కంపు కొట్టాయి తప్ప వాన ఆపలేదు. గొర్రె ఒంట్లో ఊరేది గొర్రె ఒంట్లోనే ఊరాలి. పాత గొంగళ్లు ఎప్పుడో బూడిదయ్యాయి. గొర్రెల మీది ఉన్ని ఇంకా పొట్టిది, అది కోతకు ఎదగాలంటే ఆరు నెలలు. వానలు ఆరు నెలలు ఆగవు కదా. ఆ ఏడాది గుట్టసీమ తడిసింది. ఇంకా నలుగురు పోయారు.

రాజు ఐలవ్వ ఇంటికి వచ్చి కింద కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పిందే నిజమైంది. నేను వినలేదు. ఇక నా కొలువులో నీ మాటే మొదటి మాట. వచ్చి కూర్చో."

ఐలవ్వ మగ్గం దగ్గర గోడకు ఆనుకుని ఉంది. "నన్నెందుకు దొరా? కూసోవెడితే గా కర్రెమ్మను కూసోవెట్టు. అది ఒక్కమాట మీదనే ఉన్నది."

"రెండుసార్లు వచ్చి చెప్పినదానివి. గుమ్మం దాటించినా భయపడనిదానివి. మూడోసారి ఎందుకు రాలేదమ్మా? వచ్చి అరిచి ఉంటే..." అన్నాడు రాజు. తప్పులో కొంత ఇంకొకరికి ఇవ్వాలని మనిషికి ఎంత ఆశో చూడండి.

ఐలవ్వ దాన్ని కాదనకుండా చేతులు చాపి తీసుకుంది.

"మొదటి రెండుమార్లు నాకు మెత్తది అక్కరలేకుండె దొరా, నిజం చెప్పిన. మూడోమారు నాకు గూడ కావాలనిపిచ్చింది. రెండు నీళ్లు నీ ఆజ్ఞ. మూడో నీళ్లు నేనే పోసిన."

రాజు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. లేచి, తల వంచుకుని, వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు. గుట్టసీమలో మళ్లీ ఉన్నిని ఎవరూ ఉతకలేదు. ఐలవ్వ చనిపోయేదాకా గరుకు గొంగళ్లు నేస్తూనే ఉంది, అవి కప్పుకుని ఎందరో ఇళ్లకు పొడిగా తిరిగి వచ్చారు. ఆమె ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.

కనుక పిల్లలూ, మెత్తదనానికి ఆశపడి తమకు తెలిసిన నిజాన్ని కడిగేసుకున్నవాళ్లు, ఆ నిజం ఎవరిని కాపాడేదో వాళ్లనే పోగొట్టుకుంటారు.